వెనక్కి రాని తరంగం

అన్నయ్యకు,

“ఆడపిల్ల గోతుల్లో దిగి కేబుళ్లు అతకడమేమిటే, విడ్డూరం కాకపోతే!” అని నువ్వు మాటలు మానేశావే, ఆ నీ మేనకోడలి సంగతి చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

మొన్న మా వీధి కింద ఆసుపత్రి ఫోన్ కేబుల్ ఎక్కడో తెగింది. వీధంతా తవ్వడానికి గడ్డపారలు తెచ్చారు. నీ మేనకోడలు కేబుల్ చివర ఓ చిన్న పెట్టె తగిలించి లోపలికి విద్యుత్ తరంగాన్ని పంపింది. అది తెగినచోట తగిలి వెనక్కొచ్చింది. రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టి, బేకరీ మెట్ల ముందు సుద్దముక్కతో సున్నా చుట్టింది. సరిగ్గా అక్కడే దొరికింది! వీధి వీధంతా చప్పట్లు కొడుతుంటే నా కాళ్లు నేలమీద నిలవలేదనుకో.

“కేబుల్ బాగుంటే ఏమవుతుందే?” అని అడిగాను.

“అవతలి పరికరం సరిగ్గా కుదిరితే తరంగాన్నంతా తనే తీసేసుకుంటుందమ్మా. ఏదీ వెనక్కి రాదు” అంది.

మొదట్లో నా ఉత్తరాలు విప్పకుండానే తిప్పి పంపేవాడివి. ఏడాదిగా నీ జవాబూ లేదు, నా ఉత్తరాలూ వెనక్కి రావడం లేదు.

అందుకే ఈసారి ఫొటో కూడా పెడుతున్నాను. సుద్దముక్క పట్టుకున్నది అదే.

నీ చెల్లెలు