చేపల ఫ్యాక్టరీ ఆడవాళ్ళు

ఏవండీ,

మీరు కోయించకుండా తెచ్చిన బొచ్చె చేపలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. రాళ్ళుప్పు వేసి బండ మీద రుద్దితే పొలుసు వస్తుంది. నేను అక్కతో గంపలగూడెం, వాళ్ళింటికి వెళ్తున్నా.

నిన్న టీవీలో అమెరికా రేవు పట్నం పాత వీడియో పెట్టి, "రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఈ ఆడవాళ్ళు ఫ్యాక్టరీలో పొద్దస్తమానం నిలబడి చేపలు కోసేవాళ్ళు, మా రిబ్కా రెండు చేపలకే నడుం పట్టుకుంటుంది" అని అక్కాబావల్ని నవ్వించారు కదా. మీకు కునుకు పట్టాక మిగతాది నేను చూశా. వాళ్ళు కత్తులు కింద పడేసి సమ్మె చేశారు. ఓనరు వచ్చి బతిమాలేదాకా లోపల అడుగు పెట్టలేదు.

మీరూ అక్కాబావల ముందే బతిమాలాలి.

రిబ్కా

మర్చిపోయా. మధ్యాహ్నం భోజనానికి వచ్చే మీ హెడ్మాస్టరు గారికి ఫోన్ చేసి, పులుసు మీ చేత్తోనే పెడుతున్నారని చెప్పా. ముచ్చటపడి ఇంకో నలుగుర్ని తీసుకొస్తానన్నారు.