బీట్‌రూట్ మరక

హైమవతి గారికి నమస్కారం.

ఈ అమెరికా రైతుబజారులో కూరగాయలు కొనుక్కోడానికి, పేదలకు సర్కారిచ్చే ఫుడ్ కార్డు గీకి మీరిచ్చే చెక్క టోకెన్లు పోయిన శనివారం కొన్ని వాపసు ఇచ్చాను కదా. వాటి మీది ఎర్ర మరక బీట్‌రూట్‌దని చున్నీ చాటునుంచి అబద్ధం చెప్పాను. అది నా నెత్తురు.

"ఈ బిచ్చపు బిళ్లలు మనవాళ్ళు చూస్తే నా పరువేం కావాలే?" అంటూ మా ఆయన వాటిని గుప్పిట్లో బిగించి నా నోటిమీద గుద్దాడు. రెండు పళ్ళు ఊడాయి. నిన్న పాప గొంతు కూడా పట్టుకున్నాడు.

ఫోన్ లాక్కున్నాడు. ఎక్కడికెళ్ళినా పక్కనే ఉంటాడు. మీ టోకెన్ల లైన్‌లో నిలబడడం మాత్రం వాడికి నామోషీ, అందుకే పార్కింగ్‌లో కార్‌లోనే కూర్చుంటాడు.

ఈ కాగితం కార్డుతోపాటు మీ చేతికిస్తున్నాను. కార్డు గీకుతున్నట్టే ఉండి, పోలీసులకు ఫోన్ చేయండి. ఇవాళ నాకు టోకెన్లు వద్దు.

పాపను చంకనేసుకునే వచ్చాను. మేమిక ఆ కారెక్కం.