ఎనభై కిలోమీటర్లు తిరిగాక

మార్చి 3

బావ కారు మళ్లీ మొరాయించింది. రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, ఎర్రది, ఇంచుమించు నా వయసుది. తుక్కు కింద కొని ఆరేళ్లుగా బాగుచేస్తున్నాడు. నిన్న ముందు చక్రాలకు పెద్ద బ్రేకులు వేశాడు. ఇవాళ చక్రం ఎక్కించి తిప్పితే కర్రుమంటోంది. రిమ్ము లోపలి ఊచలు బ్రేకు కాలిపర్‌కు, అంటే డిస్కును నొక్కి పట్టే దిమ్మకు, రాసుకుంటున్నాయి. చక్రాన్ని కాస్త బయటికి జరపాలి, అంటే వెనక స్పేసర్, మధ్యలో రంధ్రమున్న లోహపు బిళ్ల, పెట్టాలి. బజారువి నాకొద్దు, నీ లేత్ మీద తీసివ్వు మరదలా అన్నాడు.

తొందరెందుకో తెలుసు. ఇరవయ్యో తారీకున కంటి పరీక్ష. బావకు పక్కచూపు పోయింది, గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందట. ఆ రోజుతో లైసెన్సూ పోతుంది. ఈలోగా ఒక్కసారి ఈ కారు నడపాలని ఆయన ఆశ.

మార్చి 4, సాయంత్రం

ఐదు మిల్లీమీటర్ల వాషర్లు పెట్టి, కాలిపర్ మీద పిండి ముద్ద అతికించి, చక్రం మెల్లగా తిప్పి విప్పి చూశాం. ముద్ద నలిగి కాగితమంత మిగిలింది, సందు అంతే. ఐదు చాలదు, బ్రేకు వేడెక్కితే మళ్లీ తగులుతుంది. ఇరవై పెడితే టైరు మడ్‌గార్డు దాటి పొడుచుకొస్తుంది. పన్నెండు అని ఇద్దరం ఒకేసారి అన్నాం. అప్పుడు చక్రం బిగించే పాత స్టడ్లు పొట్టివవుతాయి, నట్టుకు పట్టు దొరకదు. అవీ మార్చాలి.

తినే పిండితో ఆటలా అని అక్క కసిరింది. ఆ కోపం పిండి గురించి కాదు.

మార్చి 6

అక్క షాపుకొచ్చింది. ఎప్పుడూ రానిది. లేత్ ఆపమంది. నిన్న తలుపు అంచుకే భుజం కొట్టుకున్నాడే, పక్కనుంచి మనిషొస్తే ఆయనకేం కనిపిస్తుంది, ఇరవై దాటేదాకా ఏదో ఒక వంక చెప్పవే అంది. అబద్ధాలు నా వల్ల కాదన్నాను. నువ్వు నా చెల్లెలివా, ఆయన మరదలివా అంది.

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

మార్చి 8

నోటితో అబద్ధం చెప్పలేదు. చేత్తో చెప్పాను.

రెండు స్పేసర్లకూ మధ్య రంధ్రం, చక్రం కూర్చునే హబ్ కన్నా ఒక మిల్లీమీటరు పెద్దది తీశాను. చిన్నదైతే మళ్లీ తీయొచ్చు. పెద్దదైతే తీసిన లోహం తిరిగి అతకదు. బావ కారు కదిలించే ముందే కొలత తప్పిందని నేనే చెప్తాను, కొత్త లోహానికి ఆర్డరిస్తాను, ఇరవై దాటిపోతుంది. ఇదీ నా తెలివి.

మార్చి 10

బావ స్పేసర్‌ను హబ్ మీద పెట్టి బొటనవేలితో తోశాడు. అది కదిలింది. కళ్లు మూసుకుని మళ్లీ తోశాడు.

నీ చేతిలో ఇంత లూజు ఎప్పుడూ రాలేదే, మీ అక్క షాపుకొచ్చిందా అన్నాడు. తల దించుకున్నాను. తిడితే బాగుండేది.

ఇరవై రెండేళ్లు అంబులెన్స్ నడిపాను మరదలా, నా బండి ఇష్టపడి ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు, మీ అక్కని పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి కాకుండా, అసలెక్కడికీ కాకుండా తిప్పుదామనుకున్నా అన్నాడు. రోడ్డెక్కుతానని మీకెవరు చెప్పారు, మూతపడ్డ ఫ్యాక్టరీ మైదానం చాలు, నా కళ్ల సంగతి నాకు తెలీదా అన్నాడు.

ఈ మాట మేమెవరమూ అడగనేలేదు. ఏడుపొచ్చింది. ఆయన ముందే ఏడ్చాను.

మార్చి 11

అక్కకు చెప్పాను. కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. సరైనవి తీసివ్వవే అంది.

మార్చి 16

ఈసారి చెక్క సుత్తితో తడితే గానీ స్పేసర్లు హబ్ మీద కూర్చోలేదు. బావ నట్లను ఎదురెదురుగా బిగించాడు, సరిపడా బిగిశాయని టార్క్ రెంచ్ టిక్కుమనే దాకా. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. కదలని బండికి బిగించిన నట్టును నమ్మకూడదు, ఎనభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి అని నాకే పాఠం చెప్పాడు.

మార్చి 18, ఉదయం

కారును ట్రక్కు మీద మైదానానికి చేర్చాం. అక్క తలుపు తనే తీసుకుని ఎక్కింది.

మొదటి చుట్టులో మెల్లగా, మెల్లగా అని అరిచింది. తర్వాత అరుపు ఆగింది. నాలుగో చుట్టుకో ఐదో చుట్టుకో నవ్వుతోంది. అక్క అలా నవ్వి ఎన్నేళ్లయిందో. నేను గేటు దగ్గర నిలబడి మురిసిపోయాను.

అరగంట తర్వాత ఎడమనుంచి ఒక కుక్క అడ్డొచ్చింది. అక్క ఆయన చెయ్యి పట్టుకుని కేకేసింది. కొత్త బ్రేకులు పట్టాయి. కుక్క బతికిపోయింది.

బావకు కుక్క కనిపించనే లేదట. ఇంజిన్ ఆపాడు. చాలు అన్నాడు. తాళం తీసి అక్క ఒళ్లో పెట్టాడు.

మార్చి 20

లైసెన్సు ఇచ్చేసి వచ్చాడు. భోజనం చేయలేదు.

మార్చి 27

పద్దెనిమిది కిలోమీటర్లు తిరిగింది. నట్లు మళ్లీ బిగించాలంటే ఇంకా అరవై రెండు. అక్క డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ఆ రెంచ్ మాత్రం బావ తప్ప ఎవరూ ముట్టుకోకూడదట.