రెండో టేకు

యూసుఫ్‌గూడ,
జూలై 2, మంగళవారం.

బంగారు తల్లి మహతికి,

ఆసుపత్రిలో ఫోను ఇవ్వరు కాబట్టి ఉత్తరం రాయమని డాక్టర్ అరుణజ్యోతి గారు చెప్పారు. "మిమ్మల్ని చూడగానే గోడవైపు తిరిగిపోతోంది. కాగితమైతే తనకి కావాలనిపించినప్పుడు చదువుకుంటుంది" అన్నారు. నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పదహారేళ్లలో ఒక్కరోజు కూడా నన్ను వదిలి ఉండలేదు, రాయాల్సిన అవసరం రాలేదు.

ఇంటి సంగతులు వరుసగా రాస్తాను. ఆ సోమవారం నుంచి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. నీ గది తలుపు గడియ మీ నాన్న ఊడదీయించారు. ఆ చోట చెక్కలో నాలుగు చిల్లులు మిగిలాయి. నీ పుస్తకాలు నువ్వు పెట్టిన చోటే ఉన్నాయి, దుమ్ము మాత్రం దులుపుతున్నాను. కాలేజీకి టైఫాయిడ్ అని చెప్పాం. డబ్బింగ్ థియేటర్‌లో పరబ్రహ్మం గారికీ అదే చెప్పాం. చుట్టాల్లో శకుంతల పెద్దమ్మకి ఒక్కదానికే నిజం తెలుసు. కొమురమ్మ రోజూ గిన్నెలు తోముతూ నీ గురించి అడుగుతుంది. మొన్న దానితో కూడా పొరపాటున "జ్వరం తగ్గాక వస్తుందిలే" అనేశాను. అది చేతిలో గిన్నె కింద పెట్టి, "ఆ దినం తలుపు దబదబ కొట్టింది నేనేనాయె. నాకు గూడ జ్వరమనే చెప్తవా అమ్మా?" అంది.

డాక్టర్ గారు నీ గురించి చాలా అడిగారు. తొమ్మిదేళ్లుగా రాస్తున్న నా డబ్బింగ్ పుస్తకం తీసుకెళ్లి ఇచ్చాను. ఏ రోజు ఏ థియేటర్, ఏ పాత్ర, ఏ డైలాగులు, ఎలా చెప్పావు, ఇంటికొచ్చి ఏం తిన్నావు, ఎన్నింటికి పడుకున్నావు అన్నీ అందులో ఉన్నాయి కదా. ఆవిడ తిరగేసి, "ఇంత వివరంగా ఏ తల్లీ తెచ్చివ్వలేదండీ" అన్నారు. తర్వాత, "తను మీతో ఎప్పుడైనా ఏమైనా చెప్పిందా?" అని అడిగారు. లేదని చెప్పాను.

అదే నన్ను తినేస్తోంది తల్లీ. ఎక్కడా చిన్న సూచన లేదు. ఒక్క మాట, ఒకే ఒక్క మాట నాతో చెప్పి ఉంటే నా ప్రాణం అడ్డం వేసేదాన్ని కదా. నేనేమైనా పరాయిదాన్నా?

మాత్రలు సరిగ్గా వేసుకో. అక్కడి ఉప్మా నచ్చకపోతే నర్సమ్మకి చెప్పు, ఊరికే వదిలేయకు.

నీ కోసం చూస్తున్న,
అమ్మ.



యూసుఫ్‌గూడ,
జూలై 8, సోమవారం.

నా మహీ,

నా ఉత్తరం నాకే తిరిగొచ్చింది. నిన్న మీ నాన్న నిన్ను చూసి వచ్చి, చొక్కా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. "చదివిందా?" అని అడిగితే, "తెలీదు. మడిచి ఇచ్చింది, తీసుకొచ్చాను" అన్నారు. ఆయన విప్పి చూడలేదు. నేను స్నానాల గదిలోకి తీసుకెళ్లి విప్పాను. 'ఒకే ఒక్క మాట నాతో చెప్పి ఉంటే' అన్న చోట కింద పెన్సిలుతో గీత. అంచున నీ గుండ్రటి అక్షరాలు.

"చెప్పాను. రెండుసార్లు."

అవును తల్లీ, చెప్పావు.

జూన్ పంతొమ్మిది, బుధవారం, మధ్యాహ్నం పన్నెండున్నర. నేను దొండకాయలు తరుగుతున్నాను. నువ్వు వంటింటి గుమ్మంలో నిలబడ్డావు. నేను గట్టువైపు తిరిగి ఉన్నాను. అది మన పద్ధతి. నీ ఏడో ఏట మొదటి సినిమాకి పరబ్రహ్మం గారు నాతో అన్నారు, "పిల్ల మొహం చూస్తుంటే జాలి అడ్డొస్తుందమ్మా, గొంతులో లోపం తెలీదు. అటు తిరిగి కూర్చుని వినండి" అని. అప్పటినుంచి నువ్వు ఏ డైలాగు వినిపించినా నా వీపుకే వినిపించావు. నేను కూర తిప్పుతూ, బియ్యం కడుగుతూ, చెవి ఒక్కటి నీవైపు పెట్టి తప్పులు చెప్పేదాన్ని. ఆ చెవి మీద నాకు చాలా గర్వం ఉండేది.

"అమ్మా, నాకు బతకాలని లేదు" అన్నావు.

నేను కత్తి ఆపలేదు. "చివర్లో గాలి పోతోంది. 'లేదు' దగ్గర మాట మింగేస్తున్నావు. వన్ మోర్" అన్నాను.

కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత మళ్లీ చెప్పావు. ఈసారి గాలి పోలేదు. ఏ అక్షరానికి ఆ అక్షరం విడివిడిగా ఉంది.

"ఓకే" అన్నాను. "అన్నం పెట్టుకో. చల్లనీళ్లు తాగకు, రేపు పదింటికి రికార్డింగ్."

నువ్వు వెళ్లిపోయావు. కంచం శబ్దం వినబడిందో లేదో నాకు గుర్తులేదు. సాయంత్రం పుస్తకం తీసి తేదీ వేసి రాశాను: 'ఇంట్లో ప్రాక్టీసు. రెండు టేకులు. రెండోది బాగుంది.' ఆ తర్వాత ఐదో రోజే ఆ సోమవారం.

డాక్టర్ గారికి పుస్తకం ఇచ్చేముందు ఆ పేజీ చించాను. కుట్టు దగ్గర అంచు కూడా కనబడకుండా కత్తెరతో శుభ్రం చేశాను. చించిన కాగితం పారేయడానికి చేతులు రాలేదు. బియ్యం డబ్బాలో దాచాను. అది అక్కడ పెట్టుకునే, డాక్టర్ గారి మొహం చూసి 'లేదు' అన్నాను. నీకు కూడా అదే అబద్ధం రాశాను, నువ్వే ఆ మాట చెప్పినదానివని తెలిసీ. బహుశా నువ్వు మరిచిపోయి ఉంటావని ఆశపడ్డానేమో. ఎంత నీచమైన ఆశో చూడు.

ఇంకా ఉంది. మే నెలలో ఒకరోజు కొమురమ్మ నాతో, "బాత్రూంల పాప ఏడుస్తుందమ్మా, నల్లా ఇప్పి పెట్టి ఏడుస్తుంది" అంది. "ప్రాక్టీసు చేసుకుంటోందిలే" అన్నాను. "గదేం ప్రాక్టీసమ్మా, మైకు లేకుంట?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

నీకు ఏడుపు నేర్పింది నేనే. ఏడేళ్ల పిల్లకి మైకు ముందు ఏడుపు రాకపోతే రికార్డింగ్ గది అద్దం ఇవతలనుంచి లోపలికొచ్చి నీ చెవిలో, "అమ్మ చచ్చిపోయిందనుకో" అన్నాను. నువ్వు వెక్కి వెక్కి ఏడ్చావు. ఒక్క టేకులో ఓకే అయింది. అందరూ చప్పట్లు కొడితే నేనూ కొట్టాను. ఆ రోజు ఇల్లు చేరేదాకా నా కొంగు వదల్లేదు నువ్వు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నీ ఏడుపుకి మార్కులు వేశాను. అందులో ఏవి నీవో, ఏవి పాత్రవో వేరు చేసుకోవాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

నాకు ఒక్కటే సాకు ఉంది. అది కూడా చెప్పేస్తాను. ఆ వారం నువ్వు చెబుతున్న సినిమాలో ఐదో రీలులో ఆ డైలాగు ఉందనుకున్నాను. అందులోదే వినిపిస్తున్నావనుకున్నాను. అంతే. అది తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

ఈ ఉత్తరం కూడా తిప్పి పంపాలనిపిస్తే పంపు. ఏ వాక్యం కిందైనా గీత గీయి.

అమ్మ.



యూసుఫ్‌గూడ,
జూలై 12, శుక్రవారం.

మహీ,

బుధవారం ఫిల్మ్‌నగర్ వెళ్లాను. నీ దగ్గర మిగిలిపోయిన డైలాగు కాగితాలు తిరిగిచ్చేసి, మిగతాది ఇంకెవరిచేతనైనా చెప్పించుకోమనడానికి. ఆటో అతను ఎత్తు ఎక్కనంటే కిందే దిగి నడిచాను. ఆ దారిలో నువ్వు పక్కన లేకుండా నడవడం అదే మొదటిసారి.

పరబ్రహ్మం గారు గుమ్మంలోనే, "రండమ్మా, పాపకి టైఫాయిడ్ తగ్గిందా?" అన్నారు.

"టైఫాయిడ్ కాదండీ" అన్నాను. ఏమిటో చెప్పాను. బయటి మనిషికి చెప్పడం అదే మొదలు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "మన పాపే?" అన్నారు.

ఐదో రీలు కాగితాలు ఒకసారి చూపించమన్నాను. ఎందుకన్నారు. "బతకాలని లేదు అనే డైలాగు ఎక్కడుందో చూడాలండీ" అన్నాను.

"ఆ పిల్ల అలా ఎందుకంటుందమ్మా? హీరో చెల్లెలు. సినిమా అంతా నవ్వుతూనే ఉంటుంది. ఐదో రీలంతా పెళ్లి హడావిడే. ఆ నవ్వులకే కదా, మన పాప ఆ గురువారం పదకొండు టేకులు తీసుకుంది. ఎప్పుడూ ఒకటి రెండింటిలో తేల్చేసే పిల్ల. ఇంజనీరు సాయిశ్రీనివాస్ అన్నాడు కూడా, 'గొంతు నవ్వుతోంది సార్, పాప నవ్వట్లేదు' అని. మీరక్కడే ఉన్నారు కదమ్మా, అటు తిరిగి కూర్చుని."

అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు. అక్కణ్నుంచి బంజారాహిల్స్‌లో మీ ఆసుపత్రికే వచ్చాను. నువ్వు పై అంతస్తులో ఉన్నావు, నేను కింద డాక్టర్ గారి గదిలో కూర్చుని నా పుస్తకం తిరగేశాను. ఆ సినిమాలో నీ డైలాగులన్నీ రికార్డింగుకి ముందే నా చేత్తో ఎత్తి రాసుకున్నవే. మొదటినుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాను. ఆ మాట లేదు. నువ్వు గుమ్మంలో నిలబడ్డ రోజుకి అవన్నీ నాకు కంఠతా వచ్చు. లేని డైలాగుని నేను ఉందని ఎలా అనుకున్నాను?

అనుకోలేదు మహీ. ఇప్పుడు తెలుస్తోంది. నేను విన్నాను. మొదటిసారే విన్నాను. విన్నది నిజమైతే తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. వెనక్కి తిరగాలంటే భయమేసింది. డైలాగు అయితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. అందుకని దాన్ని డైలాగు చేసేశాను. నీచేత రెండోసారి చెప్పించాను.

మొన్నటి ఉత్తరంలో నేను రాసిన సాకు కూడా అబద్ధమే. దాని కింద నేనే గీత గీస్తున్నాను.

మర్నాడు బియ్యం డబ్బాలోంచి ఆ పేజీ తీసుకెళ్లి డాక్టర్ గారికి ఇచ్చాను. ఆవిడ తిట్టలేదు. "ఎప్పుడు చించారు?" అని మాత్రం అడిగి, రాసుకుని, నీ ఫైలులో పెట్టారు. తిడితే బాగుండేది. ఇంటికొచ్చి మీ నాన్నకి చెప్పాను. ఆయన "ఆ దొండకాయలు పక్కన పెట్టి ఒక్కసారి దాని మొహం చూడాల్సింది సుందరీ" అన్నారు. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

ఆదివారం పొద్దున నిన్ను పంపిస్తారట. ఇంటికి రానని, మోతీనగర్‌లో పెద్దమ్మ దగ్గరికి వెళ్తానని అన్నావట. నేను ఒప్పుకున్నాను. నోటితోనే ఒప్పుకున్నాను, మనసు ఇంకా ఒప్పుకోలేదు. నీ బట్టలు సర్దుతుంటే రెండుసార్లు తిరిగి బీరువాలో పెట్టేశాను. పెద్దమ్మ ఫోనులో, "దాన్ని నేను చూసుకుంటానే. నువ్వు మాత్రం ఆ పుస్తకం చంకన పెట్టుకుని నా గడప తొక్కకు" అంది. పుస్తకం ఇక లేదు. డాక్టర్ గారి దగ్గరే వదిలేసి వచ్చాను. అది ఇచ్చినప్పటినుంచి నీ గురించి ఏమీ రాసుకోలేదు. నువ్వు నిద్రపోయావో, తిన్నావో నాకు తెలియదు. అసలు ఎప్పుడు తెలుసు గనక?

నువ్వు బాగవుతావో లేదో డాక్టర్ గారు ఖాయంగా చెప్పలేదు. చాలా కాలం పడుతుందన్నారు. నన్ను క్షమించమని అడగను. అడిగితే అది కూడా నీమీద ఇంకో పని పెట్టినట్టవుతుంది.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి పెద్దమ్మ ఇంటికి వస్తాను. నువ్వు రావద్దంటే మెట్లమీద కాసేపు కూర్చుని వెళ్లిపోతాను, మళ్లీ ఆదివారం వస్తాను. రమ్మంటే నీకు ఎదురుగా కూర్చుంటాను. నా చేతిలో కత్తి గానీ గరిటె గానీ పెన్ను గానీ ఉండదు. నీ మొహం చూస్తూ ఉంటాను. ఏమైనా చెప్పాలనిపిస్తే చెప్పు. గాలి పోయినా ఫరవాలేదు, మాట మింగేసినా ఫరవాలేదు, సగంలో ఆగిపోయినా ఫరవాలేదు.

ఒక్కసారి చెబితే చాలు.

అమ్మ,
త్రిపురసుందరి.