పసి రాకుమారుడి కుర్చీ

మాద్రిద్, మృతుల స్మరణ మాసం నవంబరు, 1784

తమ్ముడు లూకాస్‌కు అన్న బల్తసార్ ప్రభువు పేరట దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమమని రాయలేను.

ఎస్కోరియల్ కోటలో చలికాలపు తెరలు కడుతూ నిచ్చెన మీద ఉంటావు. దిగి, కూర్చుని చదువు. నీ ఉర్సులా మనకిక లేదు. మంగళవారం ఉదయం ఆసుపత్రిలో నా చేతుల్లోనే పోయింది.

నువ్వు వెళ్లేటప్పటి దగ్గు జలుబు కాదురా, క్షయ. వైద్యుడు చట్టప్రకారం నగరాధికారికి చెప్పాడు. ఆమెను తీసుకుపోవడానికి వచ్చిన భటులు ఆమె ముట్టుకున్నవన్నీ వీధిలో పోగేసి తగలబెట్టారు. పరుపు, పెళ్లినాటి శాలువా, నీ సూదుల పెట్టె.

యువరాజు బిడ్డకని నువ్వు చాటుగా ఇంటికి తెచ్చిన ఎర్ర మఖమలు కుర్చీ కూడా పోయింది. కొలువు పని కార్ఖానా గడప దాటకూడదని నీకు తెలుసు. అయినా నీ భార్య కుట్టులాంటి కుట్టు అక్కడ ఎవరికీ రాదని నీ గర్వం! మీ పెద్ద మేస్త్రీ వచ్చి బూడిదలోంచి రాచముద్ర మేకులు ఏరుకుపోయాడు. ఇక నీకు కొలువు లేనట్టే. అన్నీ పోగొట్టుకున్న యోబులా ఆ బూడిదలో కూర్చోవడం నేర్చుకో. భటులకు కుర్చీ చూపించింది పక్కింటి బార్బరా. దానితో తగువు పెట్టుకోకు.

అలాంటి విలాసపు కుర్చీలు పాపమని నేను సందుసందునా ప్రసంగాల్లో నిప్పులు కక్కినవాణ్ణే. ఉర్సులా నవ్వేది. "బావగారూ, మీరెప్పుడూ నిలబడే అరుస్తారు. ఓసారి మెత్తగా కూర్చోండి, మా చెవులకూ విశ్రాంతి" అనేది. ఇప్పుడు అనేవాళ్లు లేరు.

త్వరగా రా. సమాధి మీద మట్టి ఇంకా పచ్చిగానే ఉంది.

దుఃఖంలో నీ తోడు,
బల్తసార్

తా.క. సంతకం పెట్టాక కలం కింద పెట్టలేకపోయాను. పొరుగువారి మీద అబద్ధసాక్ష్యం వద్దని అరిచిన నోరు నాది. బార్బరా పాపం ఏమీ చెప్పలేదు. లేఖనంలో ఆకాను దేవుడు వద్దన్న దోపుడు వస్త్రాన్ని డేరాలో దాచినట్టు, నీ కొలువు కోసం ఆ కుర్చీని దాచింది నేనే. దాని మీద కూర్చుని, పొడుగు అంగీ చుట్టూ కప్పేశాను. నిజంగానే నా నోరు మూతపడింది.

మంచం మీంచి ఉర్సులా మెల్లగా, "లేవండి బావగారూ, ప్రతి దారమూ పెదాలతో తడిపే సూదికెక్కించాను" అంది. విననట్టు అంగీ అంచులు ఇంకా కిందికి లాక్కున్నాను. అప్పుడు భటుణ్ణి పిలిచి, "అయ్యా, ఆయన కూర్చున్నది కూడా నాదే. దాంట్లో పసివాడు కూర్చుంటాడు" అని చెప్పింది. తర్వాత నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. తనను తిట్టుకుంటావని భయపడింది. తిట్టుకుంటే నన్ను తిట్టుకో.

భటుడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నేను ఆమె ముఖం చూశాను. లేచాను.