పన్నెండు పుల్లలు

ఆగస్టు 4

తిరుపతిలో డెంటల్ ఆస్పత్రికి వెళ్లాను. ఎక్స్‌రే తీశారు. ఎడమ కింది దవడలో జ్ఞానదంతం చిగుళ్ల లోపలే అడ్డంగా పడుకుని ఉంది. పక్క పన్నును తోస్తోంది. చిగురు కోసి, ఎముక కాస్త తొలిచి, పన్నును ముక్కలు చేసి తీయాలని డాక్టర్ భానుప్రియ చెప్పింది. తర్వాత వారం పది రోజులు నోరు సరిగ్గా తెరుచుకోదట. పదహారో తేదీ చేయమన్నాను. నొప్పి ఇప్పుడుంటే పదహారు దాకా ఎందుకని అడిగింది. కాలేజీలో పరీక్షలన్నాను.

అబద్ధం.

ఆగస్టు 5

నిజం ఇక్కడ రాసుకోవచ్చు. పద్దెనిమిదికి నా భార్య గ్రేసీ పోయి ఏడాది. పాకాలలో మా ఇంట్లోనే జ్ఞాపకార్థ కూడిక. మా వాళ్లలో భార్య గురించి మొదటి సాక్ష్యం భర్తే ఇవ్వాలి. సమాధి దగ్గర నాకు ఒక్క మాట రాలేదు. ఇప్పుడూ రాదు. నోరే తెరుచుకోకపోతే లేచి మాట్లాడమని ఎవరూ అడగరు.

ఆగస్టు 7

పొద్దున జ్వరం. చెంప వాచింది. గ్రేసీ అక్క అలివేలమ్మ వదిన పక్క వీధిలోనే ఉంటుంది. వచ్చి చూసి, ఏమప్పా రాజారత్నం, మొగం ఒకపక్క పూరీ మాదిరి పొంగిపోయుండాది, ఇట్టనే పెట్టుకోని యాడికి పోదామని, అంది. బస్సెక్కించింది. డాక్టర్ మూడు రోజులకు మాత్రలిచ్చి, పదో తేదీ దాటితే కుదరదంది.

నా లెక్క తప్పింది.

ఆగస్టు 10

తీసేశారు. సూది తర్వాత నొప్పి లేదు, చప్పుడే. సొంత తలలో వడ్రంగి పని జరుగుతుంటే పడుకుని విన్నాను. మూడు ముక్కలు, మూడు కుట్లు. వదిన గంటన్నర బయట కూర్చుని, వచ్చినవాళ్లందరి పళ్ల కథలూ తెలుసుకుంది.

ఆగస్టు 11

ఐసు. పెరుగన్నం, నీళ్లలా.

ఆగస్టు 14

నోరు ఒక్క వేలు మందం తెరుచుకుంటోంది. ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ముందు పళ్ల మధ్య పెట్టుకోమని డాక్టర్ ఫోన్‌లో చెప్పింది. రోజుకొకటి పెంచాలి. వదిన అంగడి నుంచి కట్ట తెచ్చి, ఎదురుగా కూర్చుని లెక్కపెట్టింది. ఎనిమిది.

ఆగస్టు 16

తొమ్మిదే పడుతున్నాయని వదినతో అన్నాను. నోరాప్పా అది, కానుకపెట్టె సందా, అని విసుక్కుంది.

పన్నెండు పడుతున్నాయి.

ఆగస్టు 17

కుట్లు విప్పారు. డాక్టర్ స్కేలు పెట్టి కొలిచి, ఇంత బాగా తెరుచుకుంటోందే, ఇక మామూలుగా తినొచ్చు, మాట్లాడొచ్చు అంది. వదిన పక్కనే ఉంది.

బస్సు చంద్రగిరి దాటింది. వదిన కిటికీలోంచి చూస్తూనే అంది. నీకంత కష్టంగా ఉంటే వద్దులేప్పా, పాస్టరయ్యతో నేను సెప్తా, నీ బదులు నేనే మాట్లాడతా. అయితే నేను సెప్పేది మా సెల్లెలు గురించి. నీ పెండ్లాం ఎట్టాంటిదో నాకేం తెలుసు.

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆగస్టు 18

మాట్లాడాను. గ్రేసీ పాటల్లో శ్రుతి తప్పేదని, ఇరవై రెండేళ్లలో ఆ మాట ఆమెకు చెప్పే ధైర్యం నాకు రాలేదని. అందరూ నవ్వారు, వదిన అందరికన్నా గట్టిగా.

తర్వాత గ్రేసీకి ఇష్టమైన పాట ఎత్తుకున్నారు. నేనూ పాడాను. ఆమె తప్పే చోటే తప్పాను.