ఎనభైకి దిగితే సముద్రం

మా అక్క సుగుణకు, చెల్లెలు వసంత ప్రేమతో, కొంచెం భయంతో రాస్తున్న ఉత్తరం.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరంతా ఎలా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? నేను పంపిన నూనె రాస్తున్నాడా, సీసా అలాగే కిటికీలో కూర్చుందా? అమ్మ బీపీ మాత్రలు మానకుండా చూడు. ప్రొద్దుటూరులో ఎండలు ఇంకా తగ్గలేదని అమ్మ చెప్పింది. ఇక్కడ మాత్రం రోజూ సాయంత్రం వాన, రోజూ రోడ్డు మీద నీళ్లు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్‌లో అయితే నేను రెండు ముక్కలు చెప్పేలోపే నువ్వు "మొగుడూ పెళ్లాలన్నాక ఉంటాయిలే వసంతా" అంటావు. ఆ మాటతో నాకు ప్రాణం కుదుటపడుతుంది, మిగతాది మింగేస్తాను. ఈసారి మింగకుండా చివరిదాకా చెప్పాలని రాస్తున్నాను.

మా ఆఫీసును మాదాపూర్ నుంచి రాయదుర్గం మార్చారు. పద్దెనిమిదో అంతస్తు. అద్దాలు తెరుచుకోవు. వాన చప్పుడు వినపడదు, కింద గొడుగులు కనపడితే వాన పడుతోందని తెలుసుకోవాలి. పని బాగానే ఉంది, జట్టులో పదకొండు మంది నా కింద ఉన్నారు. వాళ్లలో ఒక్కరితోనూ కలిసి అన్నం తినాలనిపించదు. ఇంటికొచ్చినా ఒక్కదాన్నే తింటున్నాను. మల్లేశ్ ఉండగా ఒక్కదానివేమిటని అడుగుతావు. అదే చెప్పబోతున్నాను.

నీ మరిది సంగతి నీకు తెలియనిది కాదు. శంకర్‌పల్లి దగ్గరి పల్లెటూరు మనిషి, బాలానగర్‌లో లేత్ మిషన్ల షెడ్డులో ఫోర్‌మన్. మన ఇంట్లో అందరూ వద్దన్నప్పుడు "అన్నం ఇష్టంగా తినేవాడు మనసులో ఏదీ దాచుకోడు, చేసుకోవే" అన్నదానివి నువ్వే. ఆ ఇష్టమే నాకు మొదట్లో ముద్దుగా ఉండేది. నేను ఉప్పు మరిచిపోయిన పప్పును కూడా "మస్తుగుంది" అంటూ రెండోసారి పెట్టించుకునేవాడు.

పోయిన ఏడాది మా ఆఫీసులో ఫ్యామిలీ డే జరిగింది. అప్పటికి మల్లేశ్ తొంభై ఏడు కిలోలు. భోజనాల దగ్గర కూర్చోగానే ప్లాస్టిక్ కుర్చీ కాలు వంగి, మనిషి పక్కకు ఒరిగాడు. చేతిలోని ప్లేటు మాత్రం పడనివ్వలేదు. మా జట్టులో ఒకమ్మాయి "మేడం, సార్‌కి రెండు కుర్చీలు అలాట్ చేద్దాం" అంది. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మల్లేశే నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ మనిషి నా పక్కన ఉన్నందుకు సిగ్గుపడ్డాను అక్కా. ఆ వారమే పరీక్షలు చేయించాను. షుగర్ అంచున ఉందని, లివర్‌లో కొవ్వు చేరిందని వచ్చింది. డాక్టర్ తిండి మార్చుకోమన్నాడు. నాకు కావలసింది దొరికింది. అప్పటినుంచి నేను ఏం చేసినా ఆరోగ్యం కోసమే అని చెప్పుకోవచ్చు కదా.

మొదట్లో ఇద్దరం కలిసే మొదలుపెట్టాం. పొద్దున రాగి జావ. మనం చిన్నప్పుడు తిన్న సంగటి కాదు, నెయ్యీ బెల్లమూ లేని నీళ్ల జావ. మధ్యాహ్నం ఒక కప్పు ముడి బియ్యం అన్నం, సొరకాయ కూర. సాయంత్రం మొలకెత్తిన పెసలు, కీరా. రాత్రికి నూనె లేని చపాతీలు రెండు. నేను రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను. లిఫ్టులో ఎవరో ఒకరు "ఏం డైట్ మేడం?" అని అడిగేవారు. అది నాకు బాగా ఎక్కింది.

మల్లేశ్ మెల్లగా తగ్గేవాడు. మెల్లగా తగ్గితే నాకు కోపం. తినేవన్నీ అలమరాలో పెట్టి తాళం వేశాను. ప్రతి ఆదివారం పొద్దున తూకం. తగ్గితే ఒక కోడిగుడ్డు ఎక్కువ. తగ్గకపోతే ఆ పూట టిఫిను లేదు. నలభై రెండేళ్ల మనిషి బనియనుతో తూకం మిషన్ మీద నిలబడి, అంకె చూడటానికి భయపడి, నా ముఖం చూసేవాడు. ఆ చూపు చూస్తే నాకు జాలి వేయలేదు అక్కా. నిజం రాస్తున్నాను. ఆఫీసులో పదకొండు మంది మీద లేని పెత్తనం ఇంట్లో ఈ ఒక్క మనిషి మీద దొరికినట్టు ఉండేది.

ఆ అంకెను ఫొటో తీసి మన కుటుంబం గ్రూపులో పెట్టేదాన్ని. "ఈ వారం బస్తా బరువు" అని రాసేదాన్ని. బావ నవ్వే బొమ్మలు పెట్టేవాడు, నువ్వు బొటనవేలు పెట్టేదానివి. నిన్ను తప్పుపట్టడం లేదు. కానీ ఆ గ్రూపులో మల్లేశ్ కూడా ఉన్నాడని మనమెవ్వరం అనుకోలేదు. ఇది చదవగానే ఆ ఫొటోలు నీ ఫోన్‌లోంచీ అమ్మ ఫోన్‌లోంచీ తీసెయ్యి.

ఒక శనివారం మా అత్తమ్మ ఊరినుంచి వచ్చింది. బస్సులో ఒళ్లో పెట్టుకుని నాటుకోడి కూర, సర్వపిండి తెచ్చింది. మల్లేశ్ డబ్బా మూత తీసి వాసన చూసి కళ్లు మూసుకున్నాడు. నేను డబ్బా లాక్కున్నాను.

"బిడ్డా, జర ఒక్క ముక్కనన్న తిననియ్యి. పొద్దుగాల లేచి వండిన" అంది అత్తమ్మ.

"ఇలా పెట్టి పెట్టే ఇంత చేశారు అత్తమ్మా. మీ ప్రేమే ఆయన పొట్టలో పేరుకుంది, డాక్టర్ చూపించాడు" అన్నాను.

ఆమె ఎదురుగానే వాచ్‌మన్ భార్యను పిలిచి డబ్బా ఇచ్చేశాను. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మల్లేశ్ "పోనియ్యమ్మా, నా మంచికే గద" అని తల్లికే సర్దిచెప్పాడు. ఆమె ఆ సాయంత్రమే బస్సెక్కింది. మళ్లీ రాలేదు.

మల్లేశ్ అప్పటివరకు సముద్రం చూడలేదు. ఒకసారి టీవీలో చూస్తూ "జిందగీల ఒక్కసారి పోవాలె" అన్నాడు. నేను వెంటనే "ఎనభైకి దిగితే సముద్రం చూపిస్తా, అంతవరకు అడగొద్దు" అన్నాను. ఏ శనివారమైనా తీసుకెళ్లగలను. చేతిలో ఉన్నదాన్ని ఎర చేశాను. ఆయన పొద్దున్నే లేచి పార్కు చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. షెడ్డులో చాయ్ మానేశాడు. మొన్న వేసవి చివర ఒక ఆదివారం మిషన్ మీద డెబ్బై తొమ్మిదిన్నర వచ్చింది. పిల్లాడిలా గంతు వేశాడు.

వైజాగ్‌లో బీచ్ ఎదురుగా హోటల్ గది తీసుకున్నాను. శనివారం పొద్దున విమానంలో వెళ్లి ఆదివారం సాయంత్రం తిరిగి రావాలి. మల్లేశ్ కొత్త చొక్కా కుట్టించుకున్నాడు, పాత చొక్కాలు వేలాడుతున్నాయని. నేను పెట్టెలో రాగిపిండి పొట్లం, దాని కింద తూకం మిషన్ పెట్టుకున్నాను. అవునక్కా, విహారానికి తూకం మిషన్ పట్టుకెళ్లాను.

గదిలోకి వెళ్లగానే మల్లేశ్ కిటికీ వైపు పోబోయాడు. "ముందు ఇది ఎక్కు" అన్నాను. ఎనభై ఒకటి చూపించింది. కొత్త చొక్కా, బూట్ల బరువని ఆయన అన్నాడు. నేను వినలేదు. అదే కోపంతో టిఫినుకు దిగాను.

అక్కడ వరసగా అన్నీ పెట్టి ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకోవడమే. మల్లేశ్ ఒక పెసరట్టు, కొంచెం ఉప్మా, రెండు గారెలు పెట్టుకున్నాడు. అంతే. నేను హాలు ఈ చివర నుంచి అరిచాను.

"మల్లేశ్, ఆ గారెలు వెనక్కి పెట్టెయ్. ఎనభై ఒకటి ఉన్నావు, గుర్తుందా?"

అందరూ తిరిగి చూశారు. ఆయన గారెను మళ్లీ పాత్రలో పెట్టబోయాడు. వడ్డించే కుర్రవాడు మర్యాదగానే, "సార్, ఒకసారి ప్లేట్లో పెట్టుకున్నది వెనక్కి వేయకూడదండి" అన్నాడు. తినడానికి లేదు, పెట్టడానికి లేదు. ప్లేటు పట్టుకుని నడిమధ్య నిలబడిపోయాడు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ "పోనివ్వండమ్మా, ఊరు చూడటానికి వచ్చారు కదండీ, తిననివ్వండి" అంది.

"మీకు తెలియదండి. ఈయనకు ఒకటి వదిలితే ఆగడు" అన్నాను. గొడ్డు గురించి చెప్పినట్టు.

మల్లేశ్ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ప్లేటు ముందు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, నేను తినడం పూర్తయ్యేదాకా నన్నే చూశాడు. నేను ఆమ్లెట్, బొప్పాయి ముక్కలు తిన్నాను. తొందరపడలేదు కూడా. ఆయన పెసరట్టు ఎదురుగా చల్లారిపోయింది. తర్వాత లేచి, రోడ్డు దాటి ఇసుకలోకి వెళ్లిపోయాడు.

కొంతసేపటికి నేనూ వెళ్లాను. అలలకు పది అడుగుల దూరంలో బూట్లతోనే నిలబడి ఉన్నాడు.

"గింత పెద్దగున్నది. దీన్నెవ్వరు తూచరు గద" అన్నాడు. నవ్వుతున్నాడేమో అనుకున్నాను. నవ్వడం లేదు. "వసంతా, నువ్వు నన్ను సన్నగ చేస్తలేవు. చిన్నగ చేస్తున్నవ్."

అప్పుడైనా నోరు మూసుకోవలసింది. "చిన్నగా అయితే మేలే. కుర్చీలు విరగవు" అన్నాను.

ఆయన నా వైపు తిరిగి చూశాడు. కొత్తవాళ్లను చూసినట్టు, తల నుంచి పాదాల దాకా నిదానంగా చూశాడు. "సరే. సూసిన సముద్రం. అయిపోయింది" అని హోటల్ వైపు నడిచాడు. పాదాలు కూడా తడుపుకోలేదు. ఆ రెండు రోజులూ నేను కలిపిచ్చిన రాగి జావ తాగి గదిలోనే ఉన్నాడు. నేను ఒక్కదాన్నే ఊరు తిరిగి ఫొటోలు దిగాను. గ్రూపులో పెట్టినవి అవే.

ఇంటికొచ్చాక మల్లేశ్ నా చేతి వంట ముట్టడం మానేశాడు. గొడవ లేదు, కోపం లేదు. "తినొచ్చిన" అంటాడు. నాలుగు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాను. రెండు నెలలు దాటింది. తూకం మిషన్‌ను నేను అటక మీద పడేశాను. ఆదివారం తానే స్టూలు వేసుకుని దింపాడు. ఎక్కి నిలబడి, షెడ్డులో కొలత చదివినట్టు "ఎనభై రెండు" అని గట్టిగా చదివి, శిక్ష ఏమిటన్నట్టు నా వైపు చూశాడు. ప్రతి ఆదివారం అంతే.

అలమరా తాళం తీసేశాను. నువ్వు నేర్పినట్టే మసాలా నూరి మటన్ వండాను. నెయ్యి వేసి సంగటి కెలికాను. మల్లేశ్ కంచం ముందు కూర్చుని, "మంచిగున్నట్టుంది. నువ్వు తిను" అని లేచిపోయాడు. నా ముందు నేను వండిన కూర, ఎదురుగా ఖాళీ కంచం. వైజాగ్‌లో ఆయనకు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు కొంచెం తెలిసింది.

పోయిన బుధవారం సెలవు పెట్టి, నాటుకోడి పులుసు, సంగటి డబ్బాలో సర్దుకుని బయల్దేరాను. అమీర్‌పేటలో మెట్రో మారి, బాలానగర్‌లో దిగి, ఆటోలో షెడ్డుకు వెళ్లాను. సరిగ్గా భోజనాల వేళ. మిషన్లు ఆపి, నేల మీద పేపర్లు పరుచుకుని ఏడెనిమిది మంది గుండ్రంగా కూర్చున్నారు. ఒకరి కూర ఒకరి కంచంలో. మల్లేశ్ మధ్యలో ఉన్నాడు. పచ్చిమిర్చి తొక్కు కలుపుకుని, ఏదో చెబుతూ, మెతుకులు మీసానికి అంటించుకుని పకపకా నవ్వుతున్నాడు. ఆ నవ్వు విని ఏడాదయింది. గుమ్మం దగ్గరే నిలబడి చూస్తూ ఉండిపోయాను.

యాదగిరి అనే పెద్దాయన ముందుగా నన్ను చూశాడు.

"మేడం వచ్చిన్రు. డబ్బాలు మూయున్రి" అన్నాడు.

వెక్కిరింపు కాదు అక్కా. నిజంగానే భయపడి అన్నాడు. మూతల చప్పుడు టపటపా వినపడింది. ఒకతను ఏకంగా మల్లేశ్ కంచాన్ని తన వెనక్కి జరిపి దాచాడు. వీళ్లు ఇన్నాళ్లూ నానుంచి ఆయన్ను దాస్తూ అన్నం పెడుతున్నారు.

మల్లేశ్ చెయ్యి తుడుచుకుని లేచి వచ్చాడు. "ఏంది, ఏమన్న పనా?"

"అన్నం తెచ్చాను" అన్నాను.

డబ్బా వైపు చూశాడు. "తూచినవా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వలేదు. డబ్బా తీసుకుని వాళ్ల మధ్యలో పెట్టి "మేడం వంట, తినున్రి" అన్నాడు. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. నన్ను గేటు దాకా తీసుకొచ్చి, ఆటో మాట్లాడి, "జర పైలం" అని ఎక్కించాడు. సాయంత్రం డబ్బా కడిగి తెచ్చి వంటగదిలో పెట్టాడు. అందులోది ఎవరు తిన్నారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నువ్వు ఆయనకు ఫోన్ చేసి మాట్లాడతానంటావు. వద్దు. బావను పంపొద్దు. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు, వదిలి వెళ్లలేదు. నేను నేర్పిన పద్ధతి ప్రకారమే, కొలిచి, నాకు ఎంత ఇవ్వాలో అంతే ఇస్తున్నాడు. అత్తమ్మకు క్షమించమని రాయాలని రెండుసార్లు కూర్చున్నాను. ఆమెకు చదువు రాదు, మల్లేశే చదివి వినిపించాలి. ఆగిపోయాను.

ఇంకొక్క మాట. లావణ్యకు ఇక్కడ ఉద్యోగం వచ్చిందని, మా ఇంట్లోనే పెట్టుకోమని అడిగావు. నీ బిడ్డను మా ఇంటికి పంపకు అక్కా. మాదాపూర్‌లో మంచి హాస్టల్ నేనే చూస్తాను, వారానికోసారి వెళ్లి వస్తాను. కోపం తెచ్చుకోకు. అది కాస్త బొద్దుగా ఉంటుంది. గుమ్మంలోకి రాగానే దాని ముఖం కంటే ముందు నా కళ్లు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. ఒక మనిషికి చేసింది చాలు.

అమ్మకు నా దండాలు, బావకు నమస్కారాలు, లావణ్యకు ముద్దులు. నా మీద నీ దయ ఉంచు. ఉత్తరం చివర "ఆయన కూడా మిమ్మల్నందరినీ అడిగానని చెప్పమన్నాడు" అని రాయాలి. ఆయన అలా ఏమీ అనలేదు.

నీ చెల్లెలు
వసంత